వేలిముద్ర హాజరు యంత్రాలు: కొనేవారు, వాడేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో బండల పాలిషింగ్ యూనిట్లకు, పత్తి మిల్లులకు, బట్టల దుకాణాలకు, ప్రైవేటు పాఠశాలలకు, నర్సింగ్ హోములకు హాజరు యంత్రాలు బిగించి, వాటి బాగోగులు చూడటం మా పని. కొనబోయే యజమానులు, యంత్రాన్ని రోజూ చూసుకునే గుమాస్తాలు, దాని మీద వేలు పెట్టే పనివాళ్లు మమ్మల్ని అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం. ఏ యంత్రం కొనాలన్నది అమ్మకందారు మాటలను బట్టి కాక, మీ దగ్గర పనిచేసే మనుషుల చేతులు ఎలాంటివో చూసి తేల్చుకోవాలన్నది మా గట్టి అభిప్రాయం.

యంత్రం వేలిముద్రను ఎలా గుర్తుపడుతుంది? మా వేలి బొమ్మ అందులో ఉండిపోతుందా?

వేలి కొన చర్మం మీద సన్నని గీతలు గట్లలా లేచి ఉంటాయి. ఒక గీత ఎక్కడ ఆగిపోయింది, ఎక్కడ రెండుగా చీలింది అన్న చోట్లను యంత్రం వెతికి పట్టుకుని, ఆ చోట్ల స్థానాన్ని, దిశను అంకెలుగా మార్చి దాచుకుంటుంది. ఇలా దాచిన అంకెల సముదాయాన్ని టెంప్లేట్ అంటారు. మీరు వేలు పెట్టిన ప్రతిసారీ అలాంటి టెంప్లేట్‌ను అప్పటికప్పుడు తయారుచేసి, దాచిన దానితో పోల్చి, పోలిక ఒక స్థాయి దాటితే హాజరు వేస్తుంది. మామూలు హాజరు యంత్రాలు చాలావరకు బొమ్మను దాచవు, టెంప్లేట్‌ను మాత్రమే దాచుతాయి. అయితే బొమ్మ లేదు కదా అని నిర్లక్ష్యంగా ఉండటానికి వీల్లేదు. టెంప్లేట్ చేతికి చిక్కితే దాని నుంచి అసలు ముద్రను పోలిన బొమ్మను తిరిగి గీయవచ్చని పరిశోధకులు ఏనాడో చేసి చూపించారు. కాబట్టి టెంప్లేట్లను కూడా వేలిముద్రలంత జాగ్రత్తగానే కాపాడాలి.

ఇద్దరికి ఒకే ముద్ర ఉండే అవకాశం ఉందా? కవలల సంగతేమిటి?

ఒకే పోలికతో పుట్టిన కవలలకు కూడా వేలిముద్రలు వేరుగానే ఉంటాయి. ముద్రలను వర్గాలుగా విభజించి భద్రపరిచే పద్ధతికి మన దేశంలోనే గట్టి పునాది పడింది. 1897లో కలకత్తాలో ఏర్పడిన వేలిముద్రల విభాగం ప్రపంచంలోనే మొదటిది. యంత్రం ఒకరిని మరొకరిగా పొరబడటం మాత్రం అప్పుడప్పుడు జరుగుతుంది. అది ముద్రలు ఒకటైనందువల్ల కాదు, చదవడం సరిగా జరగనందువల్ల. దాని గురించి కింద వివరంగా చెప్పాం.

హాజరు యంత్రానికి, ఆధార్‌కు సంబంధం ఉందా?

దుకాణంలోనో, మిల్లులోనో గోడకు బిగించే మామూలు హాజరు యంత్రానికి ఆధార్‌తో ఏ సంబంధమూ లేదు. మీ పనివాళ్ల ముద్రలను అది స్వయంగా నమోదు చేసుకుని, తనలో ఉన్న వాటితోనే పోల్చుకుంటుంది. యంత్రం పెట్టాం కాబట్టి ప్రతి పనివాడి ఆధార్ సంఖ్యను అందులో ఎక్కించాలని కొందరు అనుకుంటున్నారు. ఆ అవసరం లేదు, అలా చేయకపోవడమే మంచిది. ఒక క్రమసంఖ్య, ఒక పేరు ఉంటే చాలు.

ఆధార్ ద్వారా వేలిముద్ర సరిచూడటం పూర్తిగా వేరే వ్యవహారం. చట్ట ప్రకారం అనుమతి పొందిన సంస్థలే ఆ పని చేయాలి. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ప్రైవేటు సంస్థలు తమంతట తాము ఆధార్ ధ్రువీకరణను వాడుకునే వీలు పోయింది. ఆ తర్వాత చట్టంలోనూ నిబంధనల్లోనూ మార్పులు వచ్చాయి కానీ, అనుమతి తీసుకోవాలన్న షరతు అలాగే ఉంది. ఆధార్ ధ్రువీకరణ కోసం తీసుకున్న వేలిముద్రను ఆ సంస్థలు దాచుకోకూడదు, ఇతరులకు ఇవ్వకూడదు.

మాది ప్రభుత్వ కార్యాలయం. మేము ఎలాంటి పరికరం కొనాలి?

ఆధార్ ఆధారిత హాజరు విధానం కిందికి వచ్చే కార్యాలయాలు ఆధార్‌ను నిర్వహించే యూఐడీఏఐ సంస్థ గుర్తింపు, పరికరాల నాణ్యతను పరీక్షించే ప్రభుత్వ సంస్థ ఎస్‌టీక్యూసీ ధ్రువపత్రం ఉన్న పరికరాలనే కొనాలి. వీటిని రిజిస్టర్డ్ పరికరాలు అంటారు. ప్రతి పరికరానికి సొంత గుర్తింపు ఉంటుంది, వేలిముద్ర సంకేత భాషలోకి మారాకే అందులోంచి బయటికి వెళుతుంది. పాత ఎల్0 రకంలో ఈ మార్పిడి కంప్యూటర్లో నడిచే సాఫ్ట్‌వేర్‌లో జరిగేది. ఎల్1 రకంలో పరికరం లోపలి సురక్షిత భాగంలోనే జరిగిపోతుంది. ఇప్పుడు కొనదగినవి ఎల్1 పరికరాలు మాత్రమే. తక్కువ ధరకు వస్తుందని పాత నమూనాను అంటగట్టే వారున్నారు కాబట్టి, పెట్టె మీద నమూనా పేరును కళ్లతో చదివాకే బిల్లు చెల్లించండి. ఉదాహరణకు మంత్ర సంస్థ పరికరాల్లో ఎంఎఫ్‌ఎస్100 పాతది, ఎంఎఫ్‌ఎస్110 ఎల్1 రకానిది. పరికరంతో పాటు, దాన్ని ఆధార్ పనికి నడిపించే సాఫ్ట్‌వేర్ అయిన ఆర్‌డీ సర్వీసు గడువు ఎన్నాళ్లు ఉందో, ఆ తర్వాత పునరుద్ధరణకు ఎంత కట్టాలో రాతపూర్వకంగా తీసుకోండి.

ఈ యూఎస్‌బీ పరికరాన్నే మా దుకాణం హాజరుకు వాడుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. ఆర్‌డీ సర్వీసు ఇచ్చే సంకేత సమాచారాన్ని విప్పగలిగేది యూఐడీఏఐ ఒక్కటే. మీ కంప్యూటర్ దాన్ని చదవలేదు. సొంత హాజరుకు వాడాలంటే తయారీదారు వేరే సాఫ్ట్‌వేర్ ఇవ్వాలి. అది ఇస్తున్నారో లేదో కొనకముందే అడగండి.

ఆప్టికల్ సెన్సర్, కెపాసిటివ్ సెన్సర్ అంటే ఏమిటి? ఏది మేలు?

ఆప్టికల్ సెన్సర్‌లో గాజు కింద దీపం, చిన్న కెమెరా ఉంటాయి. వేలి గట్లు గాజుకు ఆనిన చోట వెలుతురు ఒకలా, ఆనని చోట మరోలా తిరిగి రావడం వల్ల బొమ్మ ఏర్పడుతుంది. గాజు గట్టిది కాబట్టి దుమ్ము, ఒత్తిడి ఉన్నచోట ఎక్కువ కాలం నిలుస్తుంది. అయితే నేరుగా ఎండ పడితే కెమెరా తబ్బిబ్బవుతుంది, బాగా పొడిబారిన వేళ్లను సరిగా చదవదు. కెపాసిటివ్ సెన్సర్ చర్మపు విద్యుత్ గుణాన్ని బట్టి గట్లను పసిగడుతుంది. అది చిన్నదిగా ఉంటుంది, కాగితం మీది బొమ్మను చూపి దాన్ని మోసగించలేం, కానీ చెమట, తేమ, స్థిర విద్యుత్తు దానికి పడవు. మన ప్రాంతంలో పని జరిగే చోట్లకు మేము ఎక్కువగా ఆప్టికల్ యంత్రాలనే సూచిస్తాం. ఏసీ ఉన్న కార్యాలయానికైతే రెండింటిలో ఏదైనా సరిపోతుంది.

ఎంతమందికి ఎలాంటి యంత్రం సరిపోతుంది? ధర ఎంత ఉంటుంది?

గోడకు బిగించే ప్రాథమిక యంత్రాలు సాధారణంగా వెయ్యి నుంచి మూడు వేల ముద్రలు దాచుకోగలవు. ఒక్కొక్కరివి రెండు వేళ్లు నమోదు చేయాలి కాబట్టి వెయ్యి ముద్రల యంత్రం అంటే ఐదు వందల మందికి అని లెక్క వేసుకోండి. ధర సుమారు ఐదు వేల రూపాయల నుంచి మొదలై, బ్యాటరీ, వైఫై, తలుపు తాళం వంటి సదుపాయాలను బట్టి పదిహేను వేలు దాటుతుంది. యాభై మంది లోపు ఉన్న దుకాణానికి ప్రాథమిక యంత్రం చాలు. షిఫ్టు మారే వేళ రెండు వందల మంది ఒకేసారి గేటు దగ్గరికి వచ్చే మిల్లుకు మాత్రం ఒక్క పెద్ద యంత్రం కంటే రెండు సాధారణ యంత్రాలు మేలు. ఒకటి చెడిపోయినా పని ఆగదు, వరుస కూడా త్వరగా తరుగుతుంది.

యంత్రం ధర ఒక్కటే చూసుకోవద్దు. సాఫ్ట్‌వేర్‌కు ఏడాదికేడాది చందా ఉందా, ఒక్కో ఉద్యోగికి ఇంత అని వసూలు చేస్తారా, చందా ఆపితే పాత హాజరు వివరాలు మీ చేతికి వస్తాయా అన్నవి ముందే తేల్చుకోండి. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్సెల్ రూపంలో హాజరును దించుకునే వీలున్న యంత్రం చిన్న వ్యాపారికి ఎంతో నిశ్చింత.

కరపత్రంలో తప్పు అంగీకారం 0.001 శాతం, తప్పు తిరస్కారం 1 శాతం అని రాశారు. దాని అర్థం ఏమిటి?

తప్పు అంగీకారం అంటే ఒకరి వేలిని మరొకరిదిగా ఒప్పుకోవడం. తప్పు తిరస్కారం అంటే సరైన మనిషినే కాదని తిప్పి పంపడం. ఒకదాన్ని తగ్గించేలా యంత్రాన్ని సర్దితే రెండోది పెరుగుతుంది. అంకెలు చిన్నవిగా కనిపిస్తాయి గానీ, మీ చోట అవి ఎంత అవుతాయో లెక్క కట్టి చూడాలి. నాలుగు వందల మంది రోజుకు రెండుసార్లు వేలు పెడితే ఎనిమిది వందల ప్రయత్నాలు. అందులో 1 శాతం అంటే రోజుకు ఎనిమిదిసార్లు వచ్చిన మనిషినే యంత్రం కాదంటుంది. అది కూడా శుభ్రమైన వేళ్లతో పరీక్షించిన లెక్క.

తప్పు అంగీకారం సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. 0.001 శాతం అంటే లక్ష పోలికల్లో ఒకటి. క్రమసంఖ్య నొక్కకుండా నేరుగా వేలు పెడితే యంత్రం ఆ ముద్రను తన దగ్గరున్న అన్నింటితోనూ పోల్చి చూస్తుంది. వెయ్యి ముద్రలుంటే ఒక్క ప్రయత్నంలోనే వెయ్యి పోలికలు జరుగుతాయి, పొరపాటు అవకాశం దాదాపు వందలో ఒకటికి చేరుతుంది. రామయ్య వేలు పెడితే సోమయ్య పేరు పలికిందన్న ఫిర్యాదులు వచ్చేది ఇక్కడి నుంచే. మనుషులు ఎక్కువున్న చోట ముందు క్రమసంఖ్య నొక్కి తర్వాత వేలు పెట్టే పద్ధతిని అమలుచేయండి. అప్పుడు యంత్రం ఆ ఒక్కరి ముద్రలతోనే పోల్చుకుంటుంది. రెండు క్షణాలు ఎక్కువ పట్టినా ఈ పద్ధతే నమ్మదగినది.

బండల పని, సిమెంటు పని చేసేవారి ముద్రలు పడటం లేదు. దీనికి దారి ఉందా?

మన జిల్లాల్లో అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే, అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. తాడిపత్రిలోనో, బేతంచెర్లలోనో పాలిషింగ్ యూనిట్‌లో పనిచేసే మనిషి వేలిని కంప్యూటర్ తెరపై పెద్దదిగా చేసి చూస్తే విషయం అర్థమవుతుంది. దుకాణంలో గుమాస్తా వేలు గీత గీతగా, నల్లగా, విడివిడిగా కనిపిస్తుంది. బండలు పట్టే చేతిది మధ్యలో తెల్లటి మచ్చలా ఉంటుంది, గీతలు అక్కడక్కడా తెగి చుక్కలుగా మిగులుతాయి, వాటికి అడ్డంగా పగుళ్ల చారలు ఉంటాయి. యంత్రం ఆ పగుళ్లను కూడా గీతలే అనుకుని లెక్కలోకి తీసుకుంటుంది. నీళ్లు, రాతిపొడి కలిసిన బురదలో రోజంతా చెయ్యి నానడం, గరుకు బండ అంచులు రాసుకోవడం వల్ల పై చర్మం అరిగిపోతుంది. సిమెంటు, సున్నం పనిలో అయితే క్షారం చర్మాన్ని తినేస్తుంది. వేరుశనగ పీకే కాలంలో, మిరప కోతల్లో కూడా ఇదే ఇబ్బంది కొంత కనిపిస్తుంది.

ముద్ర నమూనాకు మూలం చర్మం లోపలి పొరలో ఉంటుంది కాబట్టి, పైపైన అరిగిన ముద్ర కొన్ని వారాలు పనికి దూరంగా ఉంటే చాలావరకు తిరిగి వస్తుంది. లోతుగా తెగిన గాయం మచ్చ మాత్రం శాశ్వతంగా ఉండిపోతుంది. అంటే ఈ మనుషుల ముద్ర నెలనెలా కొద్దిగా మారుతూ ఉంటుంది. పండక్కి ఊరెళ్లి వచ్చినప్పుడు తీసిన ముద్ర, పని జోరుగా ఉన్నప్పటి వేలికి సరిపోదు. అందుకే ఇలాంటి చోట్ల ఒకసారి నమోదు చేసి వదిలేయకుండా, మూడు నాలుగు నెలలకోసారి మళ్లీ నమోదు చేయించాలి. బొటనవేలు, చూపుడువేలు బండ పట్టుకోవడంలో ఎక్కువగా అరుగుతాయి. ఉంగరపు వేలు, చిటికెన వేలు ఎక్కువ బాగుంటే వాటినే తీసుకోండి. బొటనవేలే పెట్టాలన్న నియమం హాజరు యంత్రాలకు ఎక్కడా లేదు.

ఇన్ని చేసినా వందలో కొందరికి ముద్ర పడనే పడదు. వారి విషయంలో యంత్రంతో కుస్తీ పట్టించకండి. కార్డు, రహస్య సంఖ్య, ముఖం గుర్తింపు, చివరికి సంతకం పుస్తకం, వీటిలో ఏదో ఒకటి వారికి మొదటి రోజు నుంచే ఇవ్వండి. రేషన్ దుకాణంలో వేలిముద్ర పడని పెద్దవారికి కనుపాప ద్వారా సరిచూసే ఏర్పాటు పెట్టింది ఇందుకే.

నమోదు చేసేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

హాజరు యంత్రం మీద వచ్చే ఫిర్యాదుల్లో అధిక భాగానికి మూలం హడావుడిగా చేసిన నమోదు. యాభై మందిని వరుసలో నిలబెట్టి అరగంటలో ముగించిన చోట నెల తిరక్కుండానే గొడవలు మొదలవుతాయి. పని మొదలు కాకముందు, చేతులు కడిగి తుడుచుకున్నాక నమోదు చేయండి. వేలి కొనను కాక, ముద్ర సుడి ఉన్న మధ్యభాగం గాజు మీద పరుచుకునేలా, మరీ గట్టిగా అదమకుండా పెట్టించండి. యంత్రం మూడుసార్లు పెట్టమంటుంది. ప్రతిసారీ వేలు పూర్తిగా ఎత్తి మళ్లీ పెట్టాలి. రెండు చేతుల నుంచీ ఒక్కో వేలు తప్పనిసరి, ఎందుకంటే ఒక చేతికి కట్టు కట్టుకుని వచ్చిన రోజున రెండోది ఆదుకుంటుంది. గోరింటాకు, పసుపు ఉన్నంత మాత్రాన ముద్ర మారదు గానీ, వాటి పొర మందంగా ఉంటే అది పోయేదాకా ఆగండి. చలికాలంలో వేలు పొడిబారితే తడిగుడ్డకు ఒకసారి అద్ది పెట్టించండి. ఎవరి ముద్ర యంత్రానికి నాలుగైదు ప్రయత్నాలకు గానీ అందలేదో వారి పేర్లు పక్కన రాసుకోండి. ముందు ముందు ఇబ్బంది పడేది వారే.

పనివాడు వచ్చానంటున్నాడు, యంత్రంలో లేదు. ఆ రోజు కూలి కోయవచ్చా?

కోయకూడదు. యంత్రం చెప్పేది ముద్ర పడిందా లేదా అన్నది మాత్రమే. మనిషి వచ్చాడా లేదా అన్నది కాదు. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలో గానీ, దాని స్థానంలో తెచ్చిన 2019 వేతనాల కోడ్‌లో గానీ గైర్హాజరుకు కోత అంటే నిజంగా పనికి రాని కాలానికే. పైన లెక్క చెప్పినట్టు నాలుగు వందల మందిలో రోజుకు ఎనిమిది తప్పులు మంచి యంత్రంతోనే రావచ్చు. ఆ తప్పుల భారం రోజు కూలి మీద బతికే మనిషి మీద పడటం అన్యాయం. పైగా అది ప్రతిసారీ అదే మనుషుల మీద, చేతులు బాగా అరిగేలా కష్టపడే వారి మీదే పడుతుంది.

కాబట్టి యంత్రం బిగించిన రోజే ఒక పద్ధతి రాసి గోడకు అంటించండి. మూడు ప్రయత్నాల్లో ముద్ర పడకపోతే మేస్త్రీనో, కాపలాదారునో పిలిచి పుస్తకంలో సమయం రాయించాలి, ఇద్దరూ సంతకం చేయాలి, సాయంత్రానికి గుమాస్తా దాన్ని సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాలి. ఎవరు ఎక్కించారో, ఎందుకు ఎక్కించారో అందులో నమోదై ఉండాలి. జీతాల పట్టిక వేసేముందు ప్రతి మనిషికీ తన నెల హాజరును చూసుకోవడానికి రెండు రోజులు గడువు ఇవ్వండి. చదువు రాని వారికి చదివి వినిపించండి. ఒక మనిషి పేరు ఆ పుస్తకంలో మాటిమాటికీ కనిపిస్తుంటే అతనికి మళ్లీ నమోదు చేయించాలి, లేదా వేరే పద్ధతి ఇవ్వాలి. ఆ పుస్తకాన్ని మేము సర్వీసుకు వచ్చినప్పుడు చూపమని అడుగుతాం, యంత్రం ఆరోగ్యం దాని పుటల్లోనే తెలుస్తుంది.

యంత్రాన్ని ఎక్కడ, ఎలా బిగించాలి? ఎండకాలం వేడికి తట్టుకుంటుందా?

చాలా యంత్రాల పని ఉష్ణోగ్రత 45 డిగ్రీల వరకే అని వాటి పుస్తకంలో రాసి ఉంటుంది. కర్నూలులో మే నెలలో బయటే ఆ దరిదాపుల్లో ఉంటుంది, రేకుల షెడ్డు కింద అంతకు మించిపోతుంది. అందుచేత రేకు గోడకు, పడమటి ఎండ తగిలే గోడకు బిగించవద్దు. ఇటుక గోడ మీద, నీడలో, గాలి ఆడే చోట, నేల నుంచి నాలుగు నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో పెట్టండి. పాలిషింగ్ యూనిట్లలో నీటి తుంపర పడే చోటికి దూరంగా, చేతులు కడుక్కునే కుళాయికి, యంత్రానికి మధ్య ఒక తువ్వాలు ఉండేలా అమర్చితే సగం ఇబ్బందులు తీరుతాయి.

కరెంటు హెచ్చుతగ్గుల వల్ల ముందుగా పోయేది అడాప్టర్. పుస్తకంలో రాసిన వోల్టేజీ, ఆంపియర్లు ఉన్న అడాప్టర్‌నే వాడండి. రౌటర్‌ది దొరికింది కదా అని తగిలించవద్దు. చిన్న యూపీఎస్ ఒకటి పెడితే షిఫ్టు మారే వేళ కరెంటు పోయినా హాజరు ఆగదు. తలుపు తాళం కూడా దీనికే కలిపితే, తాళానికి విడిగా విద్యుత్ సరఫరా ఇవ్వాలి. అగ్నిప్రమాదం జరిగినా, కరెంటు పోయినా లోపలివారు బయటికి రాగలిగేలా ఆ తలుపు దానంతటదే తెరుచుకునే ఏర్పాటు ఉండాలి. ఈ ఒక్క విషయంలో ఎవరు ఎంత ఒత్తిడి చేసినా మేము రాజీపడం.

గాజును ఎలా శుభ్రం చేయాలి?

మెత్తని పొడిగుడ్డతో రోజుకోసారి తుడిస్తే చాలు. జిడ్డు, పత్తి నూగు పేరుకుంటే పారదర్శక టేపు ముక్కను అంటించి లాగితే అది వచ్చేస్తుంది. నీళ్లు చల్లవద్దు. చీర కొంగుతోనో లుంగీ అంచుతోనో గరుకుగా రుద్దడం, ఇసుక అంటిన వేలిని పెట్టడం గాజుకు గీతలు పెడతాయి. గీతలు పడిన గాజును వారంటీ కిందికి తీసుకోరు.

ఒకరి బదులు ఇంకొకరు నకిలీ వేలితో హాజరు వేస్తారని విన్నాం. నిజమేనా?

నిజమే. సిలికాన్, జిగురు, మైనం వంటి వాటితో అచ్చు తీసి మామూలు సెన్సర్‌ను మోసగించిన ఘటనలు దేశంలో చాలాచోట్ల బయటపడ్డాయి. భూముల రిజిస్ట్రేషన్ పత్రాల మీది ముద్రల నుంచి అచ్చులు తీసి, ఆధార్ చెల్లింపుల ద్వారా ఇతరుల ఖాతాల్లో డబ్బు కాజేసిన కేసులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నమోదయ్యాయి. ఆధార్ ధ్రువీకరణలో ముద్ర సజీవమైన వేలిదేనా అని చూసే కొత్త పద్ధతిని 2023లో యూఐడీఏఐ తెచ్చింది. మీ యంత్రంలో సజీవ వేలి గుర్తింపు ఉందో లేదో కొనేటప్పుడు అడగండి. ఉందంటే నమూనా అచ్చుతో పరీక్షించి చూపమనండి. అన్నిటికంటే చవకైన రక్షణ యంత్రాన్ని నలుగురికీ కనిపించే చోట బిగించి, దాని వైపు ఒక కెమెరా పెట్టడం. ఇక మీ సొంత ఆధార్ విషయానికి వస్తే, యూఐడీఏఐ ఇచ్చే ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ (మీ వేలిముద్రను ఎవరూ వాడకుండా ఆపే తాళం) వేసుకుని, అవసరమైనప్పుడు మాత్రమే తెరుచుకోండి.

యంత్రాన్ని ఇంటర్నెట్‌కు కలిపితే ప్రమాదమా?

జాగ్రత్తలు లేకుండా కలిపితే ప్రమాదమే. కొత్త యంత్రంలో నిర్వాహకుడిగా ఎవరినీ నమోదు చేయకపోతే చాలా నమూనాల్లో మెనూ బటన్ నొక్కిన ఎవరైనా లోపలికి వెళ్లి పేర్లు చెరిపేయగలరు, సమయం మార్చగలరు. కాబట్టి పెట్టె విప్పగానే చేయాల్సిన మొదటి పని ఇద్దరు నిర్వాహకులను నమోదు చేయడం. ఒక్కరే ఉంటే ఆయన ఉద్యోగం మానేసిన రోజున యంత్రం తలుపులు మూసుకుంటాయి. సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన పాస్‌వర్డ్‌ను వెంటనే మార్చండి. చాలా యంత్రాలు 4370 అన్న పోర్టులో, అంటే నెట్‌వర్క్‌లో ఆ సంఖ్య గల ద్వారం గుండా, మాట్లాడతాయి. దూరంగా ఉన్న శాఖ నుంచి చూడటానికని రౌటర్‌లో ఆ పోర్టును బయటి ప్రపంచానికి తెరిచిపెట్టే సాంకేతిక నిపుణులు ఉన్నారు, అలా చేయనివ్వవద్దు. పెద్ద సంస్థలకే ఇబ్బంది తప్పలేదు: 2019లో, వేలిముద్రతో తలుపులు తెరిచే బయోస్టార్ 2 అన్న వ్యవస్థలో లక్షల మంది వేలిముద్రల వివరాలతో సహా సమాచారం రక్షణ లేకుండా బయటపడి ఉందని పరిశోధకులు వెల్లడించారు.

పనివాళ్ల వేలిముద్రలు తీసుకోవడానికి చట్టం ఏమంటుంది?

డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతలు ఆ తర్వాత పద్దెనిమిది నెలలకు అమల్లోకి వస్తాయి. ఉద్యోగ అవసరాలకు సమాచారం వాడుకునే వీలు యజమానికి కొంత ఉన్నా, దాన్ని భద్రంగా ఉంచే బాధ్యత, పని తీరాక చెరిపేసే బాధ్యత తప్పవు. తగిన భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఎందుకు తీసుకుంటున్నారో, ఎక్కడ దాస్తున్నారో, మానేసినప్పుడు ఎప్పుడు తీసేస్తారో తెలుగులో ఒక పుట రాసి అందరికీ వివరించడం మర్యాద. అలా వివరించిన చోట పనివాళ్లు యంత్రాన్ని అనుమానంగా చూడరు.

పాఠశాలలో పిల్లలకు పెట్టవచ్చా?

మా సలహా వద్దనే. పిల్లల వేళ్లు పెరుగుతుంటాయి; ఆధార్‌లో కూడా ఐదేళ్లలోపు వారి ముద్రలు తీసుకోరు, ఐదేళ్లు, పదిహేనేళ్లు నిండినప్పుడు నవీకరించాలంటారు. పైన చెప్పిన 2023 చట్టం పద్దెనిమిదేళ్లలోపు వారి సమాచారానికి సాధారణంగా తల్లిదండ్రుల అనుమతి కూడా కోరుతుంది. ఉపాధ్యాయులకు యంత్రం పెట్టండి, పిల్లల హాజరు టీచరే పేరు పిలిచి వేసుకోవడం చాలు.

వేలిముద్ర మేలా, ముఖం గుర్తింపు మేలా?

చేతులు అరిగే పని ఉన్న చోట ముఖం గుర్తించే యంత్రమే మేలు. ధర ఎక్కువైనా తిరస్కారాలు తగ్గుతాయి, ముట్టుకునే పని లేదు. 2020 మార్చిలో కరోనా భయంతో కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల్లో వేలిముద్ర హాజరును ఆపేసిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. వైద్య కళాశాలల అధ్యాపకులకు జాతీయ వైద్య కమిషన్ 2025లో ముఖం ఆధారిత హాజరుకు మారింది. అయితే చీకటిగా ఉన్న గేటు దగ్గర, వెనుక నుంచి ఎండ కొట్టే చోట ముఖం యంత్రం తడబడుతుంది, ముఖానికి దుమ్ముగుడ్డ కట్టుకున్న వారిని ఆపి విప్పించాల్సి వస్తుంది. శుభ్రమైన చేతులతో పనిచేసే దుకాణాలకు, కార్యాలయాలకు వేలిముద్ర యంత్రం ఇప్పటికీ చవకగా సరిపోతుంది. రెండూ ఉన్న యంత్రం కొనగలిగితే వాదనే ఉండదు.

రాత్రి షిఫ్టు వారికి గైర్హాజరు చూపిస్తోంది. ఎందుకు?

సాఫ్ట్‌వేర్ అర్ధరాత్రి పన్నెండుకు రోజును ముగిస్తుంది కాబట్టి, రాత్రి వచ్చిన సమయం ఒక తేదీలో, తెల్లవారి వెళ్లిన సమయం మరో తేదీలో పడి రెండు రోజులూ అసంపూర్ణంగా కనిపిస్తాయి. ఆ షిఫ్టును తేదీ దాటే షిఫ్టుగా అమర్చాలి. యంత్రం గడియారాన్ని కూడా వారానికోసారి సరిచూడండి.

సర్వీసు కోసం ఎవరిని నమ్మాలి? కొనేముందు పరీక్షించడం ఎలా?

మన దగ్గర అమ్మే యంత్రాలు కర్నూలుకు హైదరాబాదు నుంచి, అనంతపురానికి బెంగళూరు నుంచి ఎక్కువగా వస్తాయి. చెడిపోతే మరమ్మతుకు అక్కడికే వెళతాయి. ఆ రోజుల్లో బదులు యంత్రం ఇస్తారా అని అడిగి బిల్లు మీదే రాయించుకోండి. ఇక పరీక్ష విషయం: అమ్మకందారు తన వేలు పెట్టి చూపించేది పరీక్ష కాదు. మీ దగ్గర అందరికంటే ఎక్కువగా చేతులు అరిగిన పదిమందిని ఎంచుకుని, యంత్రాన్ని వారం రోజులు మీ గేటు దగ్గరే పెట్టించి, పొద్దున వచ్చినప్పుడూ సాయంత్రం పని దిగాకా వేలు పెట్టించి చూడండి. పదిమందిలో ఇద్దరు ముగ్గురికి పదేపదే పడకపోతే ఆ యంత్రం మీ చోటికి పనికిరాదు. ఈ పరీక్షకు ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనకండి.

పాత యంత్రాన్ని అమ్మేయాలన్నా, మార్చాలన్నా ఏం చేయాలి?

ముందు హాజరు వివరాలన్నీ కంప్యూటర్‌లోకి దించుకుని, తెరిచి చదివి చూసుకోండి. ఆ తర్వాత నిర్వాహకుడి మెనూలోకి వెళ్లి సమాచారం అంతా చెరిపేసి, నమోదైన మనుషుల సంఖ్య సున్నా అయిందో లేదో చూడండి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు గానీ, అవే టెంప్లేట్లు సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్‌లోనూ, పెన్‌డ్రైవ్ బ్యాకప్‌లోనూ, క్లౌడ్ ఖాతాలోనూ మిగిలి ఉంటాయి. వాటినీ తొలగించాలి. తెర పనిచేయక చెరిపే వీలే లేని యంత్రాన్ని పాత సామాను కొనేవారికి ఇవ్వవద్దు. దాని లోపలి బోర్డును తీసి, మెమరీ చిప్‌ను పగలగొట్టాకే మిగతాది వదిలేయండి.